నెల్లూరు తీరంలో సముద్ర శక్తుల పోటీ, సహకారం

నెల్లూరు తీరంలో 17వ శతాబ్ది మొదటి నుంచి విదేశీ నౌకా శక్తులు వర్తకం కోసం, సముద్రం మీద పట్టు కోసం పోటీ పడ్డాయి. ఆ కాలంలోనే పరస్పరం ఒప్పందాలు కూడా చేసుకున్నాయి. ఈ రెంటి చరిత్రే ఈ వ్యాస విషయం. పోర్చుగీసు, డచ్చి, ఇంగ్లీషు, ఫ్రెంచి వారు ఇందులో ప్రధాన పాత్రధారులు. విజయనగర అరవీటి రాజులు, గోల్కొండ సుల్తానులు, వెలుగోటి, దామెర్ల నాయకులు, ఆర్కాటు నవాబులు వీరికి చోటిచ్చారు, షరతులు పెట్టారు, కొన్నిసార్లు పొమ్మన్నారు. ఈ తీరంలో పోటీకి ఒక యుగం, సహకారానికి మరో యుగం అంటూ లేవు. ఒకే కోటలో, ఒకే ఏడాదిలో, ఒకే కంపెనీల మధ్య రెండూ కలిసి నడిచాయి.

పరిధి

ఉత్తరాన రామాయపట్నం పరిసరాల నుంచి దక్షిణాన పులికాట్ సరస్సు దాకా ఉన్న తీరాన్ని ఇక్కడ నెల్లూరు తీరంగా తీసుకున్నాం. 2022 నాటి జిల్లాల పునర్వ్యవస్థీకరణలో దుగరాజపట్నం, శ్రీహరికోట తిరుపతి జిల్లాలో కలిశాయి. చరిత్ర అంతా పాత నెల్లూరు జిల్లా హద్దుల్లో జరిగింది కనుక వాటిని విడదీయలేదు. పులికాట్ పట్టణం నేడు తమిళనాడులో ఉంది. అయితే అక్కడి డచ్చి కోట ప్రస్తావన లేకుండా ఈ తీరపు కథ అర్థం కాదు. తెలుగువారు ఆ ఊరిని, సరస్సును ప్రళయకావేరి అన్నారు.

తీర స్వరూపం, ఋతువులు

నెల్లూరు తీరం చదునైన ఇసుక తీరం. పెన్న, స్వర్ణముఖి, కండలేరు సముద్రంలో కలిసే చోట్ల ఇసుక మేటలు వేసి మొగలను పూడుస్తాయి. తెరచాప ఓడల కాలంలో పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసేవి. తాళ్లతో పలకలు కుట్టి కట్టిన మసులా పడవల్లో సరుకునూ మనుషులనూ ఒడ్డుకు చేర్చేవారు. మేకులు కొట్టిన పడవ ఆ కెరటాల దెబ్బకు పగిలిపోతుంది, కుట్టు పడవ వంగి తట్టుకుంటుంది. కాబట్టి ఐరోపా కంపెనీకి ఎంత పెద్ద ఓడ ఉన్నా, దాని సరుకు ఒడ్డు చేరడం తీరంలోని పడవవారి చేతిలోనే ఉండేది.

దుగరాజపట్నం ఎదుట సముద్రంలో ఆర్మగాన్ దిబ్బ అనే పొడవైన ఇసుక మెట్ట ఉంది. దాని ఆటున, అంటే దిబ్బకూ ఒడ్డుకూ మధ్య, ఓడలకు కొంత ప్రశాంతమైన నీరు దొరుకుతుంది. రేవులు అరుదైన తూర్పు తీరంలో ఇది విలువైన చోటు. బ్రిటిషు నౌకాదళపు తూర్పు ఇండియా విభాగానికి సేనాని అయిన సర్ హెన్రీ బ్లాక్‌వుడ్ పేరిట దీనికి 19వ శతాబ్దిలో బ్లాక్‌వుడ్ రేవు అన్న పేరు వచ్చింది. దిబ్బ తగలకుండా ఓడలను హెచ్చరించే ఆర్మగాన్ దీపస్తంభం మోనపాలెం దగ్గర ఉంది.

ఋతువుల ప్రభావం భూస్వరూపం కంటే తక్కువేమీ కాదు. అక్టోబరు మధ్య నుంచి ఈశాన్య ఋతుపవనాలు, వాటి వెంట తుపానులు వస్తాయి. ఆ నెలల్లో యుద్ధనౌకల దళం ఏదీ ఈ తీరంలో నిలవలేదు. ఇంగ్లీషు దళం బొంబాయికో, ఫ్రెంచి దళం మారిషస్‌కో వెళ్లిపోయేది. 1746 సెప్టెంబరులో మద్రాసును పట్టుకున్న ఫ్రెంచి నౌకాధిపతి లా బూర్డొనే ఓడలు సకాలంలో కదలలేదు. అక్టోబరు తుపాను వాటిని ఛిద్రం చేసింది. అందుకే ఈ తీరంలో సముద్ర విజయాలు చాలావరకు ఏడాది తిరక్కుండానే వట్టిపోయేవి. కోట ఉన్నవాడే నిలిచేవాడు.

ఐరోపావారికి ముందు (చూ. మోటుపల్లి శాసనం)

ఈ తీరానికి దూరదేశాల వర్తకం కొత్త కాదు. 1780లలో నెల్లూరు దగ్గర పొలం దున్నుతున్న రైతుకు ఒక కుండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. వాటిలో ట్రేజన్, హేడ్రియన్ చక్రవర్తుల నాణేలు ఉన్నాయి.

విదేశీ ఓడల పట్ల రాజ్యం పాటించే నియమం లిఖితంగా కనిపించేది నెల్లూరుకు ఉత్తరాన ఉన్న మోటుపల్లిలో. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం అది. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడలోని సరుకును అంతకుముందు రాజులు స్వాధీనం చేసుకునేవారని, తాను నిర్ణీత సుంకం తప్ప మరేదీ తీసుకోనని అందులో ప్రకటించాడు. ఏ దేశపు ఓడకైనా ఇదే మాట వర్తించింది. తర్వాత వచ్చిన ఐరోపా శక్తుల పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం.

పోర్చుగీసు అనుమతి పత్రం

16వ శతాబ్దిలో పోర్చుగీసువారు హిందూ మహాసముద్రంలో కర్తాజ్ అనే అనుమతి పత్రాన్ని ప్రవేశపెట్టారు. డబ్బు కట్టి ఆ పత్రం తీసుకోని ఓడను పట్టుకుని సరుకు దోచుకునే హక్కు తమకుందని వాదించారు. సముద్రం ఒక రాజుకు చెందిన ఆస్తి అన్న భావన ఈ తీరానికి ఆ పత్రంతోనే వచ్చింది. మైలాపూరు దగ్గర శాంథోమ్, పులికాట్ వారి నెలవులు. గోవాకు దూరంగా ఉండడంతో ఇక్కడి పోర్చుగీసు వర్తకులు చాలామంది రాజాజ్ఞను పెద్దగా లెక్కచేయకుండా సొంత వ్యాపారాలు నడిపారు.

పోటీకి మూలం: వస్త్రం

డచ్చివారూ ఇంగ్లీషువారూ ఈ తీరానికి వచ్చింది ఇక్కడి మిరియాల కోసమో ముత్యాల కోసమో కాదు. మొలక్కస్ దీవుల్లో లవంగం, జాజికాయ కొనాలంటే అక్కడివారు వెండి కంటే కోరమండల్ వస్త్రాన్ని ఇష్టంగా తీసుకునేవారు. చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం అద్దిన కలంకారీ బట్టలు, నేత గుడ్డలు ఇక్కడ కొని, జావా, మొలక్కస్‌లలో సుగంధ ద్రవ్యాలకు మార్చి, వాటిని ఐరోపాలో అమ్మడం ఆనాటి వర్తక చక్రం. ఈ చక్రంలో మొదటి కొస నేతగాడి మగ్గం. అక్కడ ఎవరు ముందుగా బయానా ఇచ్చి బట్ట కట్టించుకోగలరన్నదే ఐరోపా నౌకాశక్తుల మధ్య అసలు పందెం. ఆమ్‌స్టర్‌డామ్, లండన్ లెక్కల పుస్తకాల్లోని లాభం ఇక్కడి సాలెల చేతుల్లోంచి వచ్చింది. ఈ విషయాన్ని నౌకాయుద్ధాల చరిత్రలు తరచు పక్కన పెడతాయి.

పులికాట్‌లో డచ్చి కోట (చూ. గెల్డ్రియా కోట)

డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో ఏర్పడింది. 1605-06 నాటికి మచిలీపట్నం, నిజాంపట్నంలలో వర్తక స్థావరాలు పెట్టింది. 1610లో అరవీటి వేంకటపతిరాయల అనుమతితో పులికాట్ చేరింది. 1612లో పోర్చుగీసువారు శాంథోమ్ వైపు నుంచి వచ్చి ఆ స్థావరాన్ని ధ్వంసం చేశారు. మరుసటి ఏడాది డచ్చివారు అక్కడ కోట పూర్తి చేసి, తమ దేశంలోని ఒక రాష్ట్రం పేరిట గెల్డ్రియా అని పిలిచారు. చాలాకాలం కోరమండల్ డచ్చి వర్తకానికి అదే రాజధాని. 1690లో ఆ హోదా నాగపట్నానికి మారింది. కోటలో తుపాకిమందు తయారయ్యేది. వస్త్రంతోపాటు బానిసలను కూడా ఇక్కడి నుంచి ఓడలెక్కించారు. క్షామం వచ్చినప్పుడు, యుద్ధం వచ్చినప్పుడు ఆ ఎగుమతి పెరిగేది.

1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ గ్లోబ్ పులికాట్ ముందు ఆగింది. వర్తకం తమకే దక్కేలా రాజు పట్టా ఇచ్చాడని డచ్చి అధికారి వారిని దిగనివ్వలేదు. ఓడ ఉత్తరాన నిజాంపట్నం, మచిలీపట్నం వెళ్లి గోల్కొండ రాజ్యంలో వర్తకం మొదలుపెట్టింది. ఆ ఇంగ్లీషు ఓడలో వర్తకం నడిపిన పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంథనిస్ ఇద్దరూ డచ్చివారే. పోటీ కంపెనీ అనుభవాన్ని జీతమిచ్చి కొనుక్కోవడం మొదటి రోజు నుంచే ఉంది.

1619 ఒప్పందం: పొత్తు, దాని వైఫల్యం

తూర్పు దీవుల్లో ఇంగ్లీషు, డచ్చి ఓడలు ఒకదాన్నొకటి పట్టుకుంటున్న కాలంలో, ఐరోపాలో ఆ రెండు దేశాలకూ స్పెయిన్, పోర్చుగల్ ఉమ్మడి శత్రువులు. అందువల్ల 1619లో లండన్‌లో రెండు కంపెనీల మధ్య రక్షణ ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం మొలక్కస్ సుగంధ ద్రవ్యాల వర్తకంలో ఇంగ్లీషువారికి మూడో వంతు వస్తుంది. ఉమ్మడి నౌకాదళం, ఉమ్మడి రక్షణ మండలి ఏర్పడతాయి. పులికాట్‌లో ఇంగ్లీషువారు వర్తకం చేసుకోవచ్చు, అందుకు బదులుగా గెల్డ్రియా కోట కావలి ఖర్చులో సగం భరించాలి.

1621లో ఇంగ్లీషు వర్తకులు పులికాట్‌లో దిగారు. ఒకే కోట నీడన రెండు కంపెనీల గిడ్డంగులు నిలిచాయి. కానీ నేతగాళ్లతో, దళారులతో పాత పరిచయం డచ్చివారిది, కోట తాళాలు డచ్చివారివి. ఖర్చు మాత్రం సమానం. పైగా ఊరి చుట్టూ దేశం కల్లోలంగా ఉంది. 1614లో వేంకటపతిరాయలు మరణించాక గొబ్బూరి జగ్గరాయడు ఒక పక్షానికి, వెంకటగిరి వంశీకుడు వెలుగోటి యాచమనాయుడు మరో పక్షానికి నాయకులై వారసత్వ యుద్ధం చేశారు. తోపూరు యుద్ధంలో జగ్గరాయడు మరణించినా పోరు వెంటనే చల్లారలేదు. 1623లో అంబోయినాలో డచ్చివారు పదిమంది ఇంగ్లీషువారిని కుట్ర నేరం మోపి చంపారు. ఆ ఏడాదే ఇంగ్లీషువారు పులికాట్ వదిలారు. లండన్‌లో రాసిన సమానత్వం పులికాట్ గిడ్డంగి దాకా రాలేదన్నది ఈ ఘట్టం చూపించే సంగతి.

ఆర్మగాన్ (చూ. దుగరాజపట్నం)

పులికాట్‌కు సుమారు 60 కిలోమీటర్ల ఉత్తరాన, ఇసుక దిబ్బ ఆటున ఉన్న దుగరాజపట్నంలో 1626లో ఇంగ్లీషువారు స్థావరం పెట్టారు. స్థలం ఇప్పించడంలో సాయపడిన స్థానిక అధికారి ఆరుముగ మొదలియారు పేరు మీద దాన్ని ఆర్మగాన్ అన్నారు. చుట్టూ 12 ఫిరంగులు అమర్చారు. 1628 నాటికి వర్తకులు, సైనికులు కలిసి 23 మంది ఉండేవారు. భారతదేశంలో ఇంగ్లీషు కంపెనీ ఫిరంగులతో బలపరచుకున్న మొదటి స్థావరంగా దీన్ని చరిత్రకారులు పరిగణిస్తారు.

1628లోనే గోల్కొండ అధికారుల ఒత్తిడి భరించలేక మచిలీపట్నం ఇంగ్లీషు వర్తకులు ఆర్మగాన్‌కు తరలివచ్చారు. కొద్దికాలం తీరంలో కంపెనీ వ్యాపారమంతా ఇక్కడి నుంచే సాగింది. ఒక రాజు అధికారులు పీడిస్తే మరో నాయకుడి నేలకు జరగడం, అక్కడ బేరం తెగకపోతే వెనక్కి వెళ్లడం ఆనాటి కంపెనీల ఎత్తుగడ. గోల్కొండకు సుంకం ఆదాయం తగ్గింది. 1630లో ఇంగ్లీషువారు మచిలీపట్నం తిరిగి వెళ్లారు. 1632లో అబ్దుల్లా కుతుబ్ షా ఇచ్చిన బంగారు ఫర్మానా ప్రకారం ఏడాదికి 500 వరహాలు చెల్లించి గోల్కొండ రేవుల్లో వర్తకం చేసుకునే వీలు దొరికింది. ఆర్మగాన్ ప్రాముఖ్యం అక్కడి నుంచి తగ్గింది.

తగ్గడానికి మరో రెండు కారణాలున్నాయి. స్థానిక నాయకుడి డిమాండ్లు పెరిగాయి. కంపెనీ కోరిన నాణ్యత గల అద్దకం బట్టలు చాలినంతగా, చవకగా ఇక్కడ దొరకలేదు. ఆర్మగాన్ అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణాన వేరే చోటు వెతికాడు. శాంథోమ్ పక్కన మద్రాసపట్నంలో బట్ట ధర 20 శాతం తక్కువని పైవారికి నివేదించాడు. 1639లో దామెర్ల నాయకుల నుంచి పట్టా వచ్చింది. 1640 ఫిబ్రవరిలో డే, మచిలీపట్నం ఏజెంటు ఆండ్రూ కోగన్ ఆర్మగాన్ బలగాన్ని ఓడలెక్కించి మద్రాసు చేరారు. నెల్లూరు తీరంలో నడిపిన ప్రయోగం ఫోర్ట్ సెయింట్ జార్జికి ముందు మెట్టు అయింది.

ఈ పట్టా వెనక దామెర్లవారి ఆలోచనను ఇంగ్లీషు పత్రాలు ఒకలా, తెలుగు కావ్యం మరోలా చెబుతాయి. ఇంగ్లీషువారి లెక్కలో నాయకుడికి రేవు ఆదాయం, పారశీక గుర్రాలు కావాలి. దామెర్ల అంకభూపాలుడి ఉషాపరిణయం పీఠిక ప్రకారం, ప్రళయకావేరిలోని డచ్చివారికీ మైలాపూరులోని పోర్చుగీసువారికీ తగవులు వస్తుండగా వాటిని ఆపడానికి అతని అన్న అయ్యప్ప నాయకుడు ఆ రెంటి నడుమ తండ్రి చెన్నప్ప పేర చెన్నపట్నం నిలిపాడు. రెండు శక్తుల మధ్య మూడోదాన్ని ఉంచి తూకం నిలబెట్టడం స్థానిక రాజనీతిగా ఇక్కడ కనిపిస్తుంది. విదేశీ శక్తుల పోటీని తీరవాసులు చేతులు కట్టుకుని చూశారన్న అభిప్రాయాన్ని ఈ కావ్యసాక్ష్యం సరిదిద్దుతుంది.

ఫ్రెంచి–ఇంగ్లీషు పోరు, నెల్లూరు

ఫ్రెంచి కంపెనీ 1664లో పుట్టింది. 1672లో ఫ్రెంచి దళం శాంథోమ్‌ను పట్టుకుంటే, 1674లో డచ్చి నౌకలు, గోల్కొండ సైన్యం కలిసి దాన్ని విడిపించాయి. ఈ మధ్యలో 1673లో మచిలీపట్నం, నిజాంపట్నం దాపున డచ్చి, ఇంగ్లీషు ఓడలు యుద్ధం చేశాయి. ఐరోపాలో కూటములు మారితే ఇక్కడి రేవుల్లో మిత్రులూ మారేవారు. వార్త రావడానికి నెలలు పట్టేది కనుక, శాంతి కుదిరిన తర్వాత కూడా ఒక్కోసారి పోరు సాగేది.

18వ శతాబ్ది కర్ణాటక యుద్ధాల్లో నెల్లూరు కోట ఆర్కాటు నవాబు మహమ్మదలీ తమ్ముడు నజీబుల్లా చేతిలో ఉండేది. 1757లో అతను అన్న మీద తిరగబడ్డాడు. మద్రాసు నుంచి కర్నల్ ఫోర్డ్ వచ్చి ముట్టడించినా కోట లొంగలేదు. మరుసటి ఏడాది ఫ్రెంచివారు మద్రాసు మీదికి వెళ్తున్నప్పుడు నజీబుల్లా వారి పక్షాన ఉన్నాడు. 1759 ఫిబ్రవరిలో ఇంగ్లీషు ఓడలు మద్రాసు ముందు కనిపించగానే ఫ్రెంచి సేనాని లాలీ ముట్టడి ఎత్తేశాడు. ఆ తర్వాత నజీబుల్లా ఇంగ్లీషువారి పక్షం చేరాడు. సముద్రం మీద తెరచాపలు కనిపిస్తే ఒడ్డున ఉన్న కోటల విధేయత ఎలా మారుతుందో చెప్పడానికి ఇది చాలు.

1782-83లో ఫ్రెంచి నౌకాధిపతి సఫ్రెన్, ఇంగ్లీషు నౌకాధిపతి హ్యూస్ సద్రాసు నుంచి కడలూరు దాకా, సింహళ తీరంలోనూ ఐదుసార్లు తలపడ్డారు. ఎవరూ స్పష్టంగా గెలవలేదు. అదే యుద్ధకాలంలో, 1781లో, ఇంగ్లీషువారు డచ్చివారి పులికాట్‌ను పట్టుకుని, తర్వాత తిరిగిచ్చారు. 1795లో మళ్లీ పట్టుకుని, నెపోలియన్ యుద్ధాల తర్వాత మళ్లీ ఇచ్చారు. చివరకు 1824 ఆంగ్లో–డచ్చి ఒడంబడిక ప్రకారం 1825లో పులికాట్ పూర్తిగా బ్రిటిషువారి పరమైంది. నెల్లూరు జిల్లా అంతకుముందే, 1801లో, నవాబు నుంచి కంపెనీ పాలనలోకి వచ్చింది. పోటీ ముగిసి ఒకే శక్తి మిగిలాక తీరపు రేవులు క్షీణించాయి. వర్తకం మద్రాసుకు పోయింది.

20వ శతాబ్ది

1914 సెప్టెంబరు 22న జర్మన్ నౌక ఎమ్డెన్ మద్రాసు చమురు ట్యాంకుల మీద గుండ్లు కురిపించింది. 1942 ఏప్రిల్‌లో జపాన్ నౌకాదళం బంగాళాఖాతంలో వర్తక నౌకలను ముంచి, విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసింది. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గర మునిగింది. ఆ నెలలోనే అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి వచ్చింది, సోవియట్ నౌకలు దాన్ని వెన్నంటాయి. వీటిలో ఏదీ నెల్లూరు ఒడ్డున జరగలేదు. అయితే తీరాన్ని సర్కారు చూసే చూపు వీటివల్ల మారింది: రేవు అంటే వ్యాపారం, రక్షణ రెండూ అన్న లెక్క వచ్చింది.

వర్తమాన రూపాలు

1976 సముద్ర మండలాల చట్టం, 1995లో భారత్ ధ్రువీకరించిన ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒడంబడిక ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు ప్రాదేశిక జలాలు, 200 మైళ్లు ప్రత్యేక ఆర్థిక మండలం. కర్తాజ్ కాలానికి ఇది విరుద్ధ సూత్రం: విదేశీ ఓడ నిరపాయంగా సాగిపోయే హక్కును చట్టమే ఇస్తుంది. నేటి సహకారానికి ఎక్కువగా కనిపించే రూపం ఉమ్మడి నౌకా విన్యాసాలు. 1992లో భారత్–అమెరికా విన్యాసంగా మొదలైన మలబార్‌లో 2015 నుంచి జపాన్ శాశ్వత సభ్యురాలు. ఆస్ట్రేలియా చేరిన 2020 విన్యాసం తొలి దశ విశాఖ ఎదుట బంగాళాఖాతంలో జరిగింది. రష్యాతో ఇంద్ర పేరున వేరే విన్యాసాలున్నాయి.

రేవుల విషయంలో పోటీ ఆర్థిక రూపం తీసుకుంది. 2008లో మొదలైన కృష్ణపట్నం రేవు లోతైన మొగతో భారీ బొగ్గు నౌకలను అందుకుంటుంది. 2020-21లో ఇది అదానీ సంస్థ చేతికి వచ్చింది. తూర్పు తీరపు కంటైనర్లలో చెప్పుకోదగ్గ భాగం కొలంబోలో ఓడ మారుతుంది. ఆ కొలంబోలో ఒక టెర్మినల్ చైనా సంస్థది, 2025లో పని మొదలుపెట్టిన మరో టెర్మినల్ అదానీది. హంబన్‌తోట రేవును శ్రీలంక 2017లో 99 ఏళ్లకు చైనా సంస్థకు లీజుకిచ్చింది. చెన్నై–బెంగళూరు పారిశ్రామిక కారిడార్‌లో కృష్ణపట్నం నోడ్ ప్రణాళికకు జపాన్ సహకార సంస్థ జైకా సాయపడింది. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం దుగరాజపట్నంలో పెద్ద రేవు కడతామని మాటిచ్చింది. లాభసాటి కాదన్న అంచనా, శ్రీహరికోట సామీప్యం వల్ల అది ముందుకు సాగలేదు. 2025లో అక్కడ ఓడల నిర్మాణ కేంద్రం ప్రతిపాదన వచ్చింది.

శ్రీహరికోట, సముద్ర నిఘా (చూ. సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రం)

పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్యనున్న ఈ దీవిలో 1971 నుంచి రాకెట్ కేంద్రం ఉంది. దేశాల మధ్య పోటీ, సహకారం ఇప్పుడు ఈ తీరంలో ఇక్కడ కూడా కనిపిస్తాయి. 1990ల మొదట్లో రష్యా నుంచి క్రయోజెనిక్ ఇంజన్ల పరిజ్ఞానం రాకుండా అమెరికా ఆంక్షలు అడ్డుపడ్డాయి. పరిజ్ఞానం లేకుండా ఇంజన్లు మాత్రం వచ్చాయి, 2001లో మొదటి జీఎస్‌ఎల్‌వీ వాటితోనే ఎగిరింది. 2025 జూలై 30న అదే అమెరికాకు చెందిన నాసాతో కలిసి చేసిన నైసార్ ఉపగ్రహం ఇక్కడి నుంచి కక్ష్యకు వెళ్లింది. 2025 నవంబరు 2న నౌకాదళ సమాచార ఉపగ్రహం సీఎమ్‌ఎస్-03ను ఎల్‌వీఎమ్-3 మోసుకెళ్లింది. ఆ ఉపగ్రహం బరువు 4,410 కిలోలు.

ఇతర దేశాల రాకెట్లను, క్షిపణులను సముద్రం మీది నుంచి గమనించే నౌకలు కొన్ని రాజ్యాలకున్నాయి. చైనా యువాన్ వాంగ్ 5 నౌక 2022 ఆగస్టులో హంబన్‌తోటకు వచ్చినప్పుడు భారత్ అభ్యంతరం తెలిపింది. రాకెట్ ప్రయోగాల ముందు ప్రమాద ప్రాంతాన్ని ప్రకటించి నౌకలకు, విమానాలకు అంతర్జాతీయ హెచ్చరికలు పంపుతారు. ఆ రోజుల్లో పులికాట్ నుంచి కృష్ణపట్నం వైపు దాకా పట్టపు పాళేల (మత్స్యకారుల పల్లెల) వారిని చేపల వేటకు వెళ్లవద్దని మత్స్యశాఖ, కోస్ట్‌గార్డ్ కోరతాయి.